విరళమృత్తికలు చేర్చిన గాజు - భౌతిక, కాంతి ధర్మాలు: ఉత్తరాంధ్ర తీరపు ఇసుక నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

ఉత్తరాంధ్ర సముద్రతీరపు ఇసుకలో లభించే మోనజైట్ విరళమృత్తిక మూలకాలకు ముఖ్యమైన ఆకరం. ఈ మూలకాల అయాన్లను తగుమాత్రంగా చేర్చి తయారుచేసిన గాజు లేజర్లలోనూ, దూరసమాచార తంతువుల్లోనూ, కాంతినిచ్చే పరికరాల్లోనూ ఉపయోగపడుతోంది. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఈ విషయంపై పరిశోధన విస్తారంగా జరిగినా, దాని సారాంశం తెలుగులో దొరకడం అరుదు. గాజు సాంద్రత, వక్రీభవన గుణకం వంటి భౌతిక ధర్మాలకూ, శోషణ, ఉద్గారం వంటి కాంతి ధర్మాలకూ గల సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. అయాన్ తన గుణాన్ని తనతోనే తెచ్చుకుంటుందనీ, ఆ గుణం ఎంతవరకు వెల్లడి కావాలో గాజు నిర్ణయిస్తుందనీ ఇందులో ప్రతిపాదించాను. ఈ సంబంధాన్ని సూచించడానికి ప్రస్తుత పారిభాషిక పదాలు ఎంతవరకు సరిపోతాయో కూడా పరిశీలించాను.

కీలకపదాలు: విరళమృత్తికలు, మోనజైట్, ఆతిథేయ గాజు, వర్ణపటం, శోషణ, ఉద్గారం, ఫోనాన్, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం:

కొత్తవలస కూడలి వద్ద రైలుమార్గం చీలుతుంది. ఒక దారి విజయనగరం, శ్రీకాకుళం వైపు సాగుతుంది. మరొకటి శృంగవరపుకోట మీదుగా తూర్పుకనుమలను ఎక్కి కిరండూల్ చేరుతుంది. ఆ రెండో దారిలో కనిపించే అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నది బొర్రా గుహల గుండా, తాటిపూడి జలాశయం మీదుగా ప్రవహించి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. కొండకూ కడలికీ నడుమ ఉన్న ఈ నేల మీదుగానే శిలల్లోని ఖనిజాలు యుగాలుగా తీరానికి ప్రయాణం చేస్తున్నాయి.

తూర్పుకనుమల్లో ఖోండలైట్, చార్నొకైట్ శిలలు విస్తారంగా ఉన్నాయి. ఖోండలైట్‌కు ఆ పేరు ఈ కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల నుంచి వచ్చింది. ఈ శిలలు శిథిలమైనప్పుడు వాటిలోని రేణువులు గోస్తని, చంపావతి, నాగావళి, వంశధార నదుల వెంట తీరానికి చేరతాయి. తేలికైన రేణువులను కెరటాలు కొట్టుకుపోగా బరువైనవి చారలుగా మిగులుతాయి. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు తీరాల్లో కనిపించే నల్లని చారలు ఇటువంటివే. వాటిలో నలుపు ప్రధానంగా ఇల్మనైట్‌ది, ఎరుపు గార్నెట్‌ది. వాటి నడుమ కొద్దిపాటిగా కనిపించే తేనెరంగు రేణువు మోనజైట్.

ఈ ఇసుకను శాస్త్రీయంగా పరిశీలించిన తొలితరం వారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞానశాస్త్ర ఆచార్యులు సి. మహాదేవన్ ముఖ్యులు. ఆయనా, ఎ. శ్రీరామదాసూ కలిసి విశాఖపట్నం జిల్లా తీరపు ఇసుకల్లోని మోనజైట్ గురించి 1948లో భారతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వ్యాసం ప్రకటించారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు కూడా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా 1950లోనూ, విజయనగరం జిల్లా 1979లోనూ ఏర్పడ్డాయి. మహాదేవన్ సి.వి. రామన్ శిష్యులు. అదే విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగాన కె. రంగధామరావు వర్ణపటశాస్త్ర పరిశోధనకు పునాది వేశారు. అంటే ఇసుకను చదివిన వారూ, కాంతిని చదివిన వారూ ఒకే ప్రాంగణంలో పనిచేశారు. ఈ రెండు చదువులు కలిసే చోటు విరళమృత్తికలు చేర్చిన గాజు.

2. పేర్లలోని చిక్కు:

విషయంలోకి వెళ్లే ముందు మూడు పదాలను పరిశీలించడం అవసరం.

మొదటిది 'విరళమృత్తిక'. పరమాణుసంఖ్య 57 గల లాంథనం నుంచి 71 గల లుటీషియం వరకు ఉన్న 15 మూలకాలూ, వాటితో పాటు స్కాండియం, యిట్రియం కలిసి మొత్తం 17 మూలకాలను ఈ పేరుతో పిలుస్తున్నాము. ఇవి విరళాలూ కావు, మృత్తికలూ కావు. భూపటలంలో సీరియం దాదాపు రాగి ఉన్నంత ఉంది. స్వీడన్‌లోని యిట్టర్బీ గ్రామంలో 1787లో దొరికిన ఒక నల్లని రాతిని విశ్లేషించి, 1794లో యోహాన్ గాడోలిన్ అందులో కొత్త 'మృత్తిక' ఉన్నదని ప్రకటించాడు. నీటిలో కరగని, వేడికి చెక్కుచెదరని ఆక్సైడ్లను ఆనాటి రసాయనశాస్త్రం మృత్తికలు అనేది. ఈ మూలకాల విషయంలో అసలైన కష్టం లభ్యతలో కాదు, విడదీయడంలో ఉంది. రసాయనగుణాల్లో అవి ఒకదానినొకటి ఎంతగానో పోలి ఉంటాయి.

రెండోది 'మాదీకరణం'. అర్ధవాహకాల పాఠాల్లో డోపింగ్‌కు ఈ అనువాదం కనిపిస్తుంది. సిలికాన్‌లో చేర్చిన కొద్దిపాటి భాస్వరం సిలికాన్ విద్యుత్ స్వభావాన్నే మార్చివేస్తుంది కనుక, మత్తును స్ఫురింపజేసే ఆ పదం అక్కడ కొంతవరకు పొసుగుతుంది. గాజు విషయం వేరు. ఇక్కడ చేర్చిన అయాన్ తన శక్తిస్థాయిలను దాదాపు యథాతథంగా నిలుపుకుంటుంది. ఆశ్రయమిచ్చిన గాజు ఆ అయాన్ పనితీరును నియంత్రిస్తుంది. అందుచేత ఈ వ్యాసంలో చేర్చిన దానిని 'అతిథి అయాన్' అనీ, ఆశ్రయమిచ్చిన దానిని 'ఆతిథేయ గాజు' అనీ వ్యవహరిస్తున్నాను. జీవశాస్త్రంలో 'ఆతిథేయి' పదం ఇప్పటికే వాడుకలో ఉంది.

మూడోది 'గాజు'. తెలుగులో ఇది పదార్థానికీ, చేతి ఆభరణానికీ కూడా పేరు. ఇక్కడ పదార్థమనే అర్థంలోనే వాడుతున్నాను.

3. అతిథి అయాన్ స్వభావం:

విరళమృత్తిక మూలకాలు గాజులో సాధారణంగా మూడు ధనావేశాలు గల అయాన్లుగా ఉంటాయి. వాటి ప్రత్యేకతకు మూలం 4ఎఫ్ కర్పరంలోని ఎలక్ట్రాన్లు. ఈ ఎలక్ట్రాన్లు అయాన్ అంచున ఉండవు. వాటికి వెలుపల నిండిన 5ఎస్, 5పి కర్పరాలు ప్రాకారంలా నిలుస్తాయి. చుట్టూ ఉన్న పరమాణువుల విద్యుత్‌క్షేత్రం ఈ ప్రాకారాన్ని దాటి లోపలికి చేరేసరికి బలహీనపడుతుంది.

దీని ఫలితాన్ని పోలికతో గ్రహించవచ్చు. కోబాల్ట్ వంటి పరివర్తన మూలకాల్లో కాంతికి కారణమయ్యే ఎలక్ట్రాన్లు వెలుపలే ఉంటాయి. అందువల్ల పరిసరాలు మారితే వాటి రంగు కూడా బాగా మారుతుంది, శోషణ పట్టీలు వెడల్పుగా ఉంటాయి. విరళమృత్తిక అయాన్ల పట్టీలు సన్నగా ఉంటాయి, ఏ గాజులో ఉంచినా దాదాపు అదే తరంగదైర్ఘ్యం వద్ద కనిపిస్తాయి. యూరోపియం ఎరుపు 612 నానోమీటర్ల దాపున, టెర్బియం ఆకుపచ్చ 543 దాపున, సమేరియం నారింజ 600 దాపున ఉంటాయి. డిస్ప్రోసియం 480 దాపున నీలం, 575 దాపున పసుపు ఇస్తుంది. ఈ రెండింటి పాళ్లను సరిచేసి తెల్లని వెలుగును రాబట్టవచ్చు.

అతిథి తన గుణాన్ని తానే తెచ్చుకుంటుందన్న మాటకు ఆధారం ఇదే.

4. ఆతిథేయ గాజు:

స్ఫటికంలో పరమాణువుల అమరిక క్రమంగా పునరావృతమవుతుంది. గాజులో ఆ క్రమం దగ్గరి పొరుగువారి వరకే పరిమితం. జకారియాసెన్ 1932లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం గాజు అంటే క్రమరహితంగా అల్లుకున్న ఒక వల. సిలికా, బోరాన్ ఆక్సైడ్, భాస్వరపు ఆక్సైడ్ ఈ వలను అల్లేవి. సోడియం, లిథియం, కాల్షియం ఆక్సైడ్ల వంటివి వలలోని కొన్ని ముడులను విప్పి సవరించేవి. అయితే బోరేట్ గాజులో క్షార ఆక్సైడ్ మొదట్లో ముడులు విప్పదు. మూడు ఆక్సిజన్లతో బంధించిన బోరాన్‌ను నాలుగింటితో బంధించేలా చేసి వలను గట్టిపరుస్తుంది. ఒక హద్దు దాటాకే అది వలను సడలిస్తుంది.

వలలో క్రమం లేనందువల్ల ఏ రెండు అయాన్లకూ సరిగ్గా ఒకే పరిసరం దొరకదు. అందుకే గాజులో పట్టీలు స్ఫటికంలో కంటే కొంత వెడల్పుగా ఉంటాయి. ఈ వెడల్పు కొన్ని పనులకు లోపమైతే, అనేక తరంగదైర్ఘ్యాలను ఒకేసారి వర్ధనం చేయవలసిన చోట అదే సుగుణమవుతుంది.

పరిశోధనశాలలో ఈ గాజును సాధారణంగా కరిగించి త్వరగా చల్లార్చే పద్ధతిలో తయారుచేస్తారు. రసాయనాలను తూచి, అగేట్ కల్వంలో నూరి, మూసలో వేసి కొలిమిలో కరిగిస్తారు. బోరేట్ గాజుకు సుమారు 1000 నుంచి 1200 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అవసరమవుతుంది. కరిగిన ద్రవాన్ని ముందుగా వేడిచేసిన ఇత్తడి పలకపై పోస్తారు. పరమాణువులు క్రమంలో కుదురుకునే వ్యవధి లేకుండా ద్రవం గట్టిపడుతుంది. లోపల మిగిలిన ఒత్తిడి తొలగడానికి గాజును కొన్ని వందల డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచి మెల్లగా చల్లారుస్తారు. ఈ చివరి దశను ఉపేక్షిస్తే నమూనా మెరుగుపెట్టేటప్పుడే పగలవచ్చు.

5. భౌతిక ధర్మాలు:

సాంద్రతను ఆర్కిమెడిస్ సూత్రంతో కొలుస్తారు. ఉదాహరణకు ఒక నమూనా గాలిలో 2.40 గ్రాములు, నీటిలో 1.60 గ్రాములు తూగిందనుకుందాం. తగ్గిన 0.80 గ్రాములు అది తొలగించిన నీటి బరువు. 2.40ని 0.80తో భాగిస్తే సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.00 గ్రాములు. నీటికి చెడే గాజు అయితే నీటికి బదులు జైలీన్ వాడి, దాని సాంద్రతతో గుణిస్తారు. వక్రీభవన గుణకాన్ని అబ్బే వక్రీభవనమాపకంతో సోడియం కాంతిలో కొలుస్తారు.

ఈ అంకెలు పట్టికలు నింపడానికి మాత్రమే అనుకుంటే పొరపాటు. సాంద్రత తెలిస్తేనే ఒక ఘన సెంటీమీటరులో ఎన్ని అతిథి అయాన్లున్నాయో తెలుస్తుంది. పై గాజు సగటు అణుభారం 100 అనీ, ప్రతి 100 మోల్‌లకు ఒక మోల్ అయాన్లు ఉన్నాయనీ అనుకుందాం. అప్పుడు ఘన సెంటీమీటరులో సుమారు 1.8 × 10²⁰ అయాన్లుంటాయి. పొరుగు అయాన్ల మధ్య సగటు దూరం సుమారు 1.8 నానోమీటర్లు. అయాన్లను పదో వంతుకు తగ్గిస్తే ఆ దూరం సుమారు 3.8 నానోమీటర్లకు పెరుగుతుంది. సంఖ్య పదో వంతైనా దూరం రెట్టింపుకు కొంచెం మాత్రమే మించిందని గమనించాలి. కాంతి ఆరిపోవడానికీ, ఆరకపోవడానికీ గల తేడా తరచు ఈ దూరంలోనే ఉంటుంది.

6. కాంతి ధర్మాలు:

6.1 శోషణ: 4ఎఫ్ స్థాయిల మధ్య సంక్రమణాలను క్వాంటమ్ నియమాలు సూత్రరీత్యా నిషేధిస్తాయి. ఆతిథేయ గాజులోని అసౌష్ఠవ క్షేత్రం ఆ నిషేధాన్ని కొంత సడలిస్తుంది. ఈ సడలింపును లెక్కగట్టే సిద్ధాంతాన్ని బ్రయన్ జడ్, జార్జ్ ఒఫెల్ట్ 1962లో విడివిడిగా ప్రతిపాదించారు. శోషణ పట్టీల తీవ్రతల నుంచి ఒమేగా-2, ఒమేగా-4, ఒమేగా-6 అనే మూడు పరామితులను రాబడతారు. వీటిలో ఒమేగా-2 అయాన్ చుట్టూ ఉన్న అసౌష్ఠవాన్నీ, బంధాల సమయోజనీయతనూ సూచిస్తుంది. మిగిలిన రెండింటినీ గాజు దృఢత్వం వంటి స్థూల లక్షణాలతో ముడిపెడతారు. ఈ గణనలో వక్రీభవన గుణకమూ, అయాన్ల సంఖ్యా ప్రవేశిస్తాయి. కనుక సాంద్రత కొలతలో దొర్లిన తప్పు చివరికి లేజర్ యోగ్యత గురించిన తీర్పులోనూ తప్పుగా తేలుతుంది.

శోషణకు సులభమైన ఉదాహరణ డిడీమియం కళ్లజోడు. డిడీమియాన్ని ఒకే మూలకంగా భావించే రోజుల్లో, 1885లో కార్ల్ అవర్ ఫాన్ వెల్స్‌బాక్ దానిని ప్రసియోడిమియం, నియోడిమియం అని రెండుగా విడదీశాడు. ఈ రెండూ కలిసిన గాజు సోడియం పసుపును, అంటే 589 నానోమీటర్ల దాపున ఉన్న కాంతిని, గట్టిగా శోషిస్తుంది. కరుగుతున్న గాజు నుంచి వెలువడే మిరుమిట్ల పసుపు తొలగిపోవడంతో గాజు ఊదేవారు తమ పనిని స్పష్టంగా చూడగలుగుతారు.

6.2 ఉద్గారం: శోషించిన శక్తిని అయాన్ తిరిగి కాంతిగా ఇవ్వడమే ఉద్గారం. సంక్రమణం పాక్షికంగా నిషిద్ధం కనుక ఉత్తేజిత స్థాయిలో అయాన్ మిల్లీసెకన్ల కొద్దీ నిలవగలదు. సాధారణ రంజకాల్లో ఈ వ్యవధి నానోసెకన్ల స్థాయిలోనే ఉంటుంది. ఎక్కువసేపు నిలిచే స్థాయిలో శక్తిని కూడబెట్టవచ్చు, లేజర్‌కు కావలసింది అదే. ఎలియాస్ స్నిట్జర్ 1961లో నియోడిమియం గాజు లేజర్‌ను సాధించాడు. దాని ప్రధాన ఉద్గారం 1.06 మైక్రోమీటర్ల దాపున ఉంటుంది.

యూరోపియం ఉద్గారం పరిశోధకుడికి కొలబద్ద కూడా. దాని 590 నానోమీటర్ల పట్టీ పరిసరాలను అంతగా లెక్కచేయదు, 612 నానోమీటర్ల పట్టీ బాగా లెక్కచేస్తుంది. రెండో దానిని మొదటి దానితో భాగించగా వచ్చే నిష్పత్తి పెద్దదైతే అయాన్ చుట్టూ అసౌష్ఠవం ఎక్కువని అర్థం. ఈ విధంగా అతిథిని అడిగి ఆతిథేయి ఇల్లు ఎలా ఉన్నదో తెలుసుకోవచ్చు.

6.3 కాంతి నష్టపోయే మార్గాలు: అయాన్ శోషించిన శక్తి అంతా కాంతిగా వెలువడదు. దీనికి మూడు కారణాలు ప్రధానం.

ఒకటి, గాజు వలలోని కంపనాలు. ఈ కంపనాల శక్తి పరిమాణమే ఫోనాన్. బోరేట్‌లో అది సెంటీమీటరుకు సుమారు 1350 తరంగాలు, టెల్యురైట్‌లో సుమారు 750, ఫ్లోరైడ్‌లో సుమారు 550. ఎర్బియం పరారుణ ఉద్గారానికి కారణమైన శక్తి అంతరం సుమారు 6500. దీనిని దాటడానికి బోరేట్‌లో ఐదు ఫోనాన్లు చాలు, టెల్యురైట్‌లో తొమ్మిది, ఫ్లోరైడ్‌లో పన్నెండు కావాలి. అవసరమైన ఫోనాన్ల సంఖ్య పెరిగేకొద్దీ శక్తి వేడిగా పోయే అవకాశం వేగంగా తగ్గుతుంది. యూరోపియం ఎరుపుకు సంబంధించిన అంతరం దాదాపు 12,000 కనుక దానికి బోరేట్ గాజు కూడా తగిన ఆతిథేయే.

రెండోది, తేమ. గాజులో చిక్కుకున్న హైడ్రాక్సిల్ కంపనం 3000కు పైబడి ఉంటుంది. ఎర్బియం శక్తిని హరించడానికి రెండు చాలు. ఎంత మంచి ఆతిథేయిని ఎంచుకున్నా రసాయనాల తడి ఆరకపోతే ఫలితం దక్కదు.

మూడోది, అతిథుల రద్దీ. అయాన్లు దగ్గరైతే ఒకటి తన శక్తిలో కొంత పొరుగుదానికి అందిస్తుంది, చివరికి రెండూ వెలగకుండానే దిగిపోతాయి. అందువల్ల అయాన్ల పాలు పెంచుతూ పోతే ఉద్గారం ఒక హద్దు వరకు పెరిగి తరువాత తగ్గుతుంది. ఐదో విభాగంలో గణించిన దూరం అవసరం ఇక్కడ తెలుస్తుంది.

ఈ నష్టాల మొత్తాన్ని ఒక్క అంకెలో చూడవచ్చు. ఉత్తేజిత స్థాయి ఆయుర్దాయం సిద్ధాంతరీత్యా 2 మిల్లీసెకన్లు కావలసి ఉండగా ప్రయోగంలో 1.5 వచ్చిందనుకుంటే, క్వాంటమ్ దక్షత 75 శాతం. మిగిలిన 25 శాతాన్ని ఆతిథేయి వేడిగా మార్చింది.

ఈ నష్టాలను అదుపుచేయగలిగితే ఫలితం ఎంతటిదో ఎర్బియం నిరూపించింది. సిలికా తంతువులో కాంతినష్టం అతి తక్కువగా ఉండేది 1.55 మైక్రోమీటర్ల దాపున. ఎర్బియం ఉద్గారం కూడా అక్కడే. 1987లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం ఎర్బియం చేర్చిన తంతువుతో కాంతి వర్ధకాన్ని ప్రదర్శించింది. సముద్రాల అడుగున సాగే సమాచార తంతువుల్లో, కాంతిని విద్యుత్తుగా మార్చకుండానే వర్ధనం చేయడం దీనివల్ల సాధ్యమైంది.

7. తీరానికీ ప్రయోగశాలకూ మధ్య:

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ, గుంటూరు సమీపంలోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలోనూ ఇటువంటి గాజుపై దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి. ఇదిలా ఉండగా, కేంద్రప్రభుత్వం పార్లమెంటుకు తెలిపిన అంచనాల్లో దేశంలోని మోనజైట్ నిల్వ కోటీ 31 లక్షల టన్నులు, అందులోని విరళమృత్తిక ఆక్సైడ్లు 72 లక్షల టన్నులు. ఆంధ్రప్రదేశ్ వాటా ఇందులో గణనీయమైనది. అయితే ఈ అంకెలను చూసి ఏర్పరచుకునే అభిప్రాయానికి రెండు సవరణలు అవసరం.

మొదటిది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది. అది అణుశక్తికి సంబంధించిన నిర్దేశిత పదార్థం కనుక దానిని వెలికితీయడం, శుద్ధి చేయడం సాధారణ గనుల వ్యాపారం వంటిది కాదు. 1950లో ఏర్పడిన ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఈ పని చేస్తూ వస్తున్నది.

రెండోది, మన మోనజైట్‌లోని ఆక్సైడ్లలో దాదాపు సగం సీరియం. తరువాతి స్థానాలు లాంథనం, నియోడిమియంలవి. ప్రసియోడిమియం, సమేరియం తక్కువ పాళ్లలో ఉంటాయి. టెర్బియం, డిస్ప్రోసియం వంటి బరువైనవి తీయదగిన మోతాదులో లేవు. కాబట్టి ఆకుపచ్చ వెలుగుకో, తెల్లని వెలుగుకో మన ప్రయోగశాలలో వాడే టెర్బియం, డిస్ప్రోసియం ఆక్సైడ్లు మన ఇసుక నుంచి వచ్చినవి కావు. మన ఇసుకతో నేరుగా ముడిపడేవి నియోడిమియం లేజర్ గాజు, సమేరియం నారింజ, సీరియం. సీరియం ఆక్సైడ్ గాజుకు మెరుగుపెట్టే పొడిగానూ, అతినీలలోహిత కాంతిని అడ్డుకునే గాజులోనూ ఉపయోగపడుతుంది. 2023 మే 11న విశాఖపట్నంలో జాతికి అంకితమైన విరళమృత్తిక శాశ్వత అయస్కాంతాల కర్మాగారం కూడా సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కోసమే. ఆతిథేయిని ఎంచుకోవడంలో చూపే శ్రద్ధ అతిథిని ఎంచుకోవడంలోనూ చూపితే, పరిశోధన అంశాల ఎంపికకు ఈ తీరం ఒక దిక్కు చూపగలదు.

8. ముగింపు:

- విరళమృత్తిక అయాన్ల శక్తిస్థాయిలు 5ఎస్, 5పి కర్పరాల రక్షణ వల్ల ఏ గాజులోనైనా దాదాపు స్థిరంగా ఉంటాయి. ఉద్గార తీవ్రత, ఆయుర్దాయం, దక్షత మాత్రం ఆతిథేయ గాజుపై ఆధారపడతాయి.
- సాంద్రత, వక్రీభవన గుణకం వంటి భౌతిక ధర్మాలు కాంతి ధర్మాల గణనకు ఆధారాలు. వాటిలోని దోషం తుది నిర్ణయం దాకా వెంటవస్తుంది.
- గాజు విషయంలో 'మాదీకరణం' కంటే 'అతిథి అయాన్', 'ఆతిథేయ గాజు' అనే జంట పదాలు జరిగే ప్రక్రియకు దగ్గరగా ఉన్నాయి. భౌతికశాస్త్ర అధ్యాపకులు వీటిని తరగతిలో వాడి చూసి బాగోగులు తేల్చవలసి ఉంది.
- తీరంలో ఖనిజం ఉండడంతోనే సంపద చేకూరదు. విడదీసే రసాయనవిద్య, తగిన ఆతిథేయిని ఎంచే భౌతికవిద్య, ఆ రెండింటినీ విద్యార్థికి అర్థమయ్యే భాషలో చెప్పగల బోధన కలిసినప్పుడే ఇసుకరేణువు వెలుగవుతుంది. మొదటి రెండింటిలో తెలుగువారి కృషి కొంత జరిగింది. మూడోది భౌతికశాస్త్ర, తెలుగు విభాగాలు కలిసి చేయవలసిన పని.